శనైశ్చరుడి ఫంక్

శనికి మనవాళ్లు పెట్టుకున్న పేర్లలో మందుడు అని ఒకటుంది. శనైశ్చరుడు అన్నా అదే అర్థం, మెల్లగా నడిచేవాడు అని. సూర్యుడి చుట్టూ ఒక్క రౌండు వేయడానికి ఆ గ్రహానికి 29 ఏళ్లు దాటి పడుతుంది. టెలిస్కోపు లేని రోజుల్లోనే దాని నడక చూసి పేరు పెట్టేశారు.

అమెరికాలో ఒక జాజ్ పియానిస్టు ఉండేవాడు. తను ఈ భూమ్మీదవాణ్ణి కాదనీ, శనిగ్రహం నుంచి వచ్చాననీ బతికినన్నాళ్లూ చెప్పుకున్నాడు. ఆయన పేరు సన్ రా. ఆయన బ్యాండు పేరు ఆర్కెస్ట్రా. మనకి తెలిసిన ఆర్కెస్ట్రాయే కానీ ఇంగ్లీషు స్పెల్లింగు మార్చి, అందులోకి నోవా ప్రవక్త ఓడని కూడా ఎక్కించాడు. ఈ బ్యాండు 1978లో 'లాంక్విడిటీ' అని ఒక ఆల్బమ్ చేసింది. లాంగ్విడ్ అంటే ఒళ్లు బరువెక్కి, బద్ధకంగా, తీరిగ్గా ఉండటం. ఆ మాటలో ఒక్క అక్షరం మార్చేసరికి లిక్విడ్ కూడా గుర్తొస్తుంది. డిక్షనరీలో వెతక్కండి, దొరకదు. శని మీద ఉన్న 'మందుడు' అనే పేరుకి ఇంతకంటే న్యాయం చేసిన రికార్డు నేనింకా వినలేదు.

ఈ వ్యాసం ఆ ఆల్బమ్ తరఫున కొట్లాడ్డానికి రాస్తున్నాను.

కొట్లాట ఎవరితో అంటారా? దాన్ని తిట్టేవాళ్లతో కాదు. సన్ రా తెలిసినవాళ్లలో దీన్ని తిట్టేవాళ్లు తక్కువే. మెచ్చుకునేవాళ్లతోనే నా గొడవంతా. నాకు జాజ్ పరిచయం చేసింది మా హాస్టల్ వింగ్‌లో ఒక సీనియర్ అన్న. సెకండ్ ఇయర్‌లో నాకు ఒక లిస్టు రాసిచ్చి, "ముందు లాంక్విడిటీ విను రా, ఈజీగా ఉంటుంది. అది అలవాటయ్యాక అసలు సన్ రా దగ్గరికి వెళ్దువుగాని" అన్నాడు. ఆ 'అసలు' అన్న మాట నాకు అప్పట్నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. తర్వాత ఎక్కడ చదివినా దాదాపు ఇదే వరస. ఇది మొదటి మెట్టు, కొత్తవాళ్లకి మంచిది, ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి అంటారు. ఎక్కేశాక మెట్టుని ఎవరు చూస్తారు? ఒక రికార్డుని పక్కనపెట్టడానికి తిట్టక్కర్లేదు, బిగినర్స్ కోసం అని స్టిక్కర్ అంటిస్తే చాలు.

నిజం చెప్పాలంటే నేనూ అదే చేశాను. సిగ్నల్స్ అసైన్‌మెంట్ చేసుకుంటూ వెనకాల పెట్టుకుని, బాగుంది కదా అనుకుని, 'అసలు' వాటిలోకి వెళ్లిపోయాను. 1965 నాటి 'ద మ్యాజిక్ సిటీ' విన్నాను. అందరూ ఒకేసారి వాయిస్తుంటే సంతలో నిలబడ్డట్టు ఉంటుంది. గొప్ప రికార్డే, కాదనను. కానీ దాన్ని విన్నానని నలుగురికీ చెప్పుకోవడంలో నాకు సగం ఆనందం ఉండేది. లాంక్విడిటీ విన్నానని చెప్తే ఆ కిక్కు రాదు కదా.

సరే, అసలు విషయానికొద్దాం.

సన్ రా 1914లో అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హామ్ అనే ఊళ్లో పుట్టాడు. పుట్టినప్పటి పేరు హెర్మన్ బ్లౌంట్. నల్లవాళ్లని బస్సులో, బడిలో, చివరికి శ్మశానంలో కూడా వేరుగా పెట్టిన ఊరది. అలాంటి చోట పుట్టినవాడు "నాది ఈ ఊరు కాదు, ఈ గ్రహమే కాదు" అంటే నవ్వొస్తుందేమో కానీ, కొంచెం ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరనని మొండికేసి జైలుకెళ్లాడు. 1946లో షికాగో చేరి, స్వింగ్ సంగీతంలో పెద్ద పేరైన ఫ్లెచర్ హెండర్సన్ దగ్గర కొన్నాళ్లు పనిచేశాడు. 1952లో కోర్టు ద్వారా పేరు మార్చుకున్నాడు. షికాగో నుంచి 1961లో న్యూయార్క్, 1968లో ఫిలడెల్ఫియా. అక్కడ జర్మన్‌టౌన్ అనే పేటలో ఒక ఇల్లు. బ్యాండులో చాలామంది అదే ఇంట్లో ఉండేవాళ్లు, అక్కడే తినేవాళ్లు, అక్కడే గంటల తరబడి రిహార్సల్ చేసేవాళ్లు. మన హాస్టల్ మెస్ లాంటిదే అనుకోండి, కాకపోతే వార్డెన్ ఈజిప్టు ఫారో వేషంలో ఉంటాడు.

ఆ ఇంట్లో ఉన్నవాళ్లు సామాన్యులు కాదు. టెనార్ శాక్సఫోన్ వాయించే జాన్ గిల్మోర్ 1950ల నుంచి అక్కడే ఉన్నాడు. జాన్ కోల్ట్రేన్ అంతటివాడు గిల్మోర్ దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు. గిల్మోర్ బయటికెళ్లి సొంత బ్యాండు పెట్టుకుంటే ఇంకోలా బతికేవాడు. వెళ్లలేదు. ఆల్టో శాక్సఫోనూ ఓబో వాయించే మార్షల్ అలెన్ కూడా 1950ల చివర్లో చేరి అక్కడే ఉండిపోయాడు. వీళ్ల రికార్డులు చాలావరకు సొంత లేబుల్ మీద, తక్కువ కాపీలు వేసుకుని, కొన్నింటి అట్టల మీద బొమ్మలు చేత్తో గీసుకుని, కచేరీల దగ్గర అమ్ముకునేవాళ్లు. రికార్డింగ్ క్వాలిటీ సంగతి అడక్కండి. కొన్నింట్లో డ్రమ్ములు పక్కింట్లో మోగుతున్నట్టుంటాయి.

1978 మే 20న ఈ బృందం 'శాటర్డే నైట్ లైవ్' టీవీ షోలో కనిపించింది. రెండు నెలలు తిరక్కుండానే, జులై 17న న్యూయార్క్‌లో బాబ్ బ్లాంక్ అనే ఇంజినీరు నడిపే బ్లాంక్ టేప్స్ స్టూడియోలోకి వెళ్లి రాత్రికి రాత్రి లాంక్విడిటీ రికార్డు చేశారు. డిస్కో పాటలకి పేరుపడ్డ స్టూడియో అది. విడుదల చేసింది ఫిలీ జాజ్ అనే చిన్న లేబుల్. అప్పుడు సన్ రాకి 64 ఏళ్లు.

డిస్కో స్టూడియో అనగానే ఒక వాదన రెడీగా ఉంటుంది. 1973లో హెర్బీ హాన్‌కాక్ 'హెడ్ హంటర్స్' చేసి జాజ్‌లో ఫంక్ కలిపితే లక్షల్లో అమ్ముడుపోయింది కదా, 1977 డిసెంబర్లో వచ్చిన 'శాటర్డే నైట్ ఫీవర్' సినిమాతో ఊరూరా డిస్కో పిచ్చి పట్టింది కదా, ఈ ముసలాయన కూడా ఆ గాలికే తెరచాప ఎత్తాడు అని. వినడానికి లాజిక్ బానే ఉంది. కానీ ఆల్బమ్ పెట్టి చూడండి. మొదటి పాట పేరు కూడా లాంక్విడిటీయే. ఎనిమిది నిమిషాల పైన ఉంటుంది. దానికి డాన్స్ చేయాలంటే నీళ్లలో నిలబడి చేయాలి. ఎలక్ట్రిక్ పియానో తడిగా మోగుతుంది, బేస్ గిటార్ ఒక ముక్క అని ఆగుతుంది, మళ్లీ ఒక ముక్క అని ఆగుతుంది, ఇత్తడి వాయిద్యాలన్నీ కలిసి ఆవులించినట్టు ఒక నిట్టూర్పు వదులుతాయి. అమ్ముకుందామనుకున్నవాడు డిస్కో స్టూడియోకి వెళ్లి, ఆల్బమ్‌లో అన్నిటికన్నా బద్ధకమైన పాటని మొదట పెడతాడా? మార్కెటింగ్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్లు చెప్పండి.

పైగా నలుగురూ వినే సంగీతం ఆయనకి కొత్తేం కాదు. కుర్రతనంలో డాన్స్ బ్యాండుల్లో వాయించాడు. 1950ల షికాగోలో వీధి మలుపుల్లో పాడుకునే కుర్రాళ్ల గ్రూపులకి పాటలు కూర్చిపెట్టాడు. 1966లో అయితే పిల్లల కోసం వచ్చిన బ్యాట్‌మ్యాన్ పాటల ఎల్పీలో పేరు లేకుండా ఆర్గన్ వాయించాడు (వెతికి వినండి, నవ్వుకుంటారు). ఫంక్ అనేది 1978లో ఆయన వేసుకున్న వేషం అనుకోవడానికి నాకైతే కారణం కనపడదు. పాత ఇంటికి ఒకసారి వెళ్లొచ్చినట్టే ఉంటుంది.

ఇక నా అసలు పాయింటు. ఈజీగా ఉంది అంటారే, ఎవరికి ఈజీ? వినేవాడికా, వాయించేవాడికా?

ఫంక్ వినని వాళ్ల కోసం రెండు ముక్కలు. జేమ్స్ బ్రౌన్ దగ్గర్నుంచి ఫంక్‌లో బరువంతా మొదటి దెబ్బ మీద ఉంటుంది. మన తాళంలో అందరూ సమం మీదికి వచ్చి పడ్డట్టు అనుకోండి. ఆ దెబ్బల మధ్య ఖాళీల్లో బేసూ డ్రమ్సూ గిటారూ ఒకదాన్నొకటి తొక్కకుండా చిన్న చిన్న ముక్కలు వాయించుకుంటూ పోతాయి. అవే ముక్కలు, మళ్లీ మళ్లీ. మార్చకూడదు. ఫ్రీ జాజ్ దీనికి దాదాపు పూర్తిగా రివర్సు. అక్కడ నీకేమనిపిస్తే అది, ఎంతసేపు కావాలంటే అంతసేపు. ఇరవై ఏళ్లుగా ఏదైనా వాయించే స్వేచ్ఛ అలవాటైన మనిషిని తీసుకొచ్చి, నీ వంతు వచ్చేదాకా ఈ మూడు స్వరాలే పలకాలి అంటే ఎలా ఉంటుంది? గ్రూప్ ప్రాజెక్టులో టాపర్ని కూర్చోబెట్టి నువ్వు పీపీటీ మాత్రమే చెయ్యి అన్నట్టుంటుంది. ఈ రికార్డులో వాయిద్యాల మీద ఉన్నవాళ్లే పదిహేను మంది దాకా ఉన్నారు. చాలాసేపు వాళ్లు ఉన్నట్టే తెలీదు. నాకు ఆశ్చర్యం అక్కడే. రెండో పాట 'వేర్ పాత్‌వేస్ మీట్'లో కింద బారిటోన్ శాక్సఫోన్ బరువుగా అడుగులేస్తుంటే మిగతా ఇత్తడి అంతా పెళ్లి ఊరేగింపులా వెనకాల నడుస్తుంది. అంతమందీ ఒక అడుగు ముందుకి వేయగలరు. వేయరు.

మూడో పాట దగ్గర కాసేపు ఆగాలి. 'దట్స్ హౌ ఐ ఫీల్'. ఎనిమిది నిమిషాలు. ఆల్బమ్ మొత్తం ఎగిరిపోయి ఇదొక్కటే మిగిలినా నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి. ఎలక్ట్రిక్ పియానో, దాని కింద బేస్. తర్వాత ట్రంపెట్. ఎడ్డీ గేల్ వాయించే ఆ ట్రంపెట్‌లో ఎవరినీ ఒప్పించాలన్న తాపత్రయం ఉండదు. గిల్మోర్ టెనార్ శాక్సఫోన్ కూడా అంతే. ఈయన వేరే రికార్డుల్లో వాయిద్యం చేత అరిపించిన మనిషి. ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడతాడు.

ఆ తర్వాత మార్షల్ అలెన్ ఓబో. ఓబో అంటే ఏంటో నాకు మొదట తెలీదు. వినగానే అనిపించింది ఒకటే, ఎవరో సన్నాయి పట్టుకుని తప్పు పెళ్లికి వచ్చారని. తర్వాత చూస్తే నా చెవి మరీ అంత తప్పు చెప్పలేదు. ఓబో, నాదస్వరం రెండూ జంట పీకల వాయిద్యాలే. రెండు పలచని రెల్లు ముక్కల మధ్య గాలి ఊదితే అవి ఒకదాన్నొకటి కొట్టుకుని ఆ ముక్కుతో పలికినట్టుండే గొంతు వస్తుంది. ఇందులో బసూన్ వాయించిన జేమ్స్ జాక్సన్ చేతిలోదీ అదే కుటుంబం. ఈ వాయిద్యాలకి ఫంక్‌లో మామూలుగా చోటుండదు, గట్టి డ్రమ్స్ పక్కన నిలబడలేవు. ఇక్కడ డ్రమ్స్ దారిచ్చాయి. లుక్మాన్ అలీ డ్రమ్స్ ఎంత తక్కువ వాయించాడో గమనిస్తే, ఓబో ఎందుకంత దగ్గరగా వినిపిస్తోందో అర్థమవుతుంది. పాము పుట్టలోంచి వచ్చి అటూ ఇటూ చూసి మళ్లీ లోపలికెళ్లినట్టు ఆ స్వరం వచ్చి వెళ్లిపోతుంది. నేను రికార్డు ఆపి వెనక్కి తిప్పుకున్నాను. అసైన్‌మెంట్ ఆ రోజు పూర్తవలేదు.

నాలుగోది 'ట్విన్ స్టార్స్ ఆఫ్ థెన్స్'. రిచర్డ్ విలియమ్స్ బేస్ గిటార్ కోసం వినాలి, రబ్బరు బంతిలా పడి లేస్తూ ఉంటుంది. తొమ్మిదిన్నర నిమిషాలు ఉంది, రెండు నిమిషాలు తగ్గించొచ్చని నా అభిప్రాయం. చివరిది 'దేర్ ఆర్ అదర్ వరల్డ్స్'. దాదాపు పదకొండు నిమిషాలు. ఇక్కడ ఫంక్ బీటు పక్కకి తప్పుకుంటుంది. సింథసైజర్లు పొగలా తేలుతుంటాయి, వాటి మధ్యలోంచి మనుషుల గుసగుసలు. మీకు చెప్పకుండా దాచిన లోకాలున్నాయి, అవి మీతో మాట్లాడాలనుకుంటున్నాయి అని. రాత్రి రెండింటికి, రూంలో లైటు తీసేసి విన్నాను. మళ్లీ లైటు వేశాను. దీని మీద ఒక ఫిర్యాదు ఉంది. జూన్ టైసన్ లాంటి గొంతు బ్యాండులో ఉంది. 'స్పేస్ ఈజ్ ద ప్లేస్' విన్నవాళ్లకి ఆ గొంతు తెలుసు. ఆమెని తీసుకొచ్చి ఇక్కడ గుసగుసల గుంపులో కలిపేశారు. ఆమె ఒక్క చరణం పాడినా ఎలా ఉండేదో.

మా రూమ్మేటు వాదన కూడా చెప్పాలి, లేకపోతే ఊరుకోడు. "ఇది హోటల్ లిఫ్టులో పెట్టే మ్యూజిక్ లాగుంది రా" అన్నాడు, మొదటి పాట విని. వాడి మాటలో కొంత నిజముంది. సగం చెవితో వింటే అలాగే ఉంటుంది. నేను మొదటిసారి సగం చెవితోనే కదా విన్నది. 'మ్యాజిక్ సిటీ' లాంటివి వచ్చి మన కాలర్ పట్టుకుంటాయి, వినకుండా తప్పించుకోలేం. ఇది పట్టుకోదు. మనం దగ్గరికెళ్లకపోతే దాని పాటికది అయిపోతుంది. అందుకే 'మ్యాజిక్ సిటీ'ని కష్టమైన రికార్డనీ దీన్ని తేలికైన రికార్డనీ అనడం నాకు తలకిందులుగా కనిపిస్తుంది. వినేవాడి శ్రద్ధని ఇదే ఎక్కువ అడుగుతోంది, అడుగుతున్నట్టు కనపడకుండా.

రచనల విషయంలోనూ మన క్లబ్బు మీటింగుల్లో ఇదే చూస్తున్నాను. అర్థం కాని కవిత చదివితే అందరం తలలూపుతాం. ఎవరైనా వాడుకభాషలో హాయిగా ఒక కథ చదివితే "లైట్‌గా ఉంది, బాగుంది" అని పక్కన పెట్టి టీకి లేస్తాం. నేనూ లేచినవాణ్ణే. ఆ కథ రాసినమ్మాయి దాన్ని ఎన్నిసార్లు తిరగరాసిందో ఎవరం అడగలేదు.

ఇక రికార్డు సంగతి. ఫిలీ జాజ్ ఎల్పీలు అయిపోయాక ఇది చాలా ఏళ్లు మామూలు శ్రోతకి దొరకలేదు. 2000లో ఎవిడెన్స్ అనే లేబుల్ సీడీగా తెచ్చింది. అంటే మధ్యలో 22 ఏళ్లు. సన్ రా 1993లోనే పోయాడు, ఇది మళ్లీ జనంలోకి రావడం చూడలేదు. 2021లో స్ట్రట్ లేబుల్ ఇంకోసారి వేసింది. మన బ్రాంచి వాళ్లకి ఆసక్తి కలిగించేది అందులో ఒకటుంది. బాబ్ బ్లాంక్ అప్పట్లోనే ఈ పాటలకి ఇంకో రకం మిక్సులు చేశాడు. మనుషులు వాళ్లే, రికార్డు చేసిన రాత్రి అదే. తేడా అంతా కన్సోల్ ముందు కూర్చుని ఏ వాయిద్యాన్ని ఎంత పెంచాలి, ఏది ఎంత దూరంలో ఉంచాలి అని తీసుకున్న నిర్ణయాల్లోనే. ఆ మిక్సుల్ని 1978లో కొద్ది కాపీలే ఎల్పీగా వేశారు, అదీ ముఖ్యంగా ఒక కాలేజీ కచేరీ కోసం. ఆ కాలేజీ జార్జియా టెక్. అవును, జీఆర్‌ఈ రాసేవాళ్లంతా అప్లై చేసే ఆ జార్జియా టెక్కే. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో శనిగ్రహం బ్యాండు! మన ఫెస్టులో ప్రో షోకి ఎవర్ని పిలిచామో గుర్తు తెచ్చుకుని బాధపడకండి.

రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టుకుని వినడం ఒక ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్ లాంటిది, వైవా లేకుండా. ఫైడర్ కొద్దిగా కదిలితే అదే వాయింపు వేరే మూడ్‌లోకి ఎలా వెళ్తుందో తెలుస్తుంది. నాకైతే మొదటి మిక్సే ఇష్టం. రెండోదాంట్లో నేను పాట వినడం మానేసి తేడాలు వెతుక్కుంటూ కూర్చుంటాను.

దీని తర్వాత కూడా ఇదే దారిలో ఇంకా కొంత నడిచారు. 1979లో 'స్లీపింగ్ బ్యూటీ', 'ఆన్ జూపిటర్' వచ్చాయి. రెండోదాంట్లో 'యూఎఫ్‌ఓ' అనే పాట నిజంగానే డిస్కో. లాంక్విడిటీ మీద డిస్కో నింద వేసేవాళ్లు ముందు ఇది వినాల్సింది, అప్పుడు తేడా తెలిసేది. 'స్లీపింగ్ బ్యూటీ' మాత్రం లాంక్విడిటీ చెల్లెలే, అంతే నెమ్మది.

వినేవాళ్లకి రెండు సలహాలు. ఫోన్ స్పీకర్‌లో వద్దు, బేస్ సగం పోతుంది, అది పోతే ఇక్కడ మిగిలేది తక్కువ. మొత్తం కలిపి 43 నిమిషాలే, మన ఒక్క క్లాసు పీరియడ్ అంత కూడా లేదు. ఇంకేమీ చేయకుండా ఒకసారి వినండి. షఫుల్ కొట్టకండి, ఐదో పాట మొదట వస్తే భయపడి ఆపేస్తారు.

అన్నట్టు, ఆ ఓబో వాయించిన మార్షల్ అలెన్‌కి 2024 మే నెలలో 100 ఏళ్లు నిండాయి. సన్ రా పోయాక గిల్మోర్, గిల్మోర్ కూడా 1995లో పోయాక బ్యాండు బాధ్యత ఆయన మీద పడింది, అప్పట్నుంచీ మోస్తూనే ఉన్నాడు. తన సొంత పేరు మీద మొదటి సోలో ఆల్బమ్ 2025లో తెచ్చాడు. పేరు 'న్యూ డాన్'. మా సీనియర్ అన్నకి లింకు పంపాను, ఉద్యోగంలో బిజీ అన్నాడు. వింటాడు లెండి.